మల్లెతోటల కత్తిరింపు

చైత్ర వైశాఖములలో అంగడికి వచ్చు మల్లెపూవునకు పుష్యమాసముననే పని జరుగవలసియున్నది. ఈ సంగతి తెలిసియు మన రైతులలో పలువురు పచ్చని పొదపై కత్తెర పెట్టుటకు మనసొప్పక, పెరిగినది పెరిగినట్లే విడిచెదరు. అట్టి తోటలో ఆకు దండిగా నుండును. మొగ్గలు మాత్రము అక్కడొకటి ఇక్కడొకటిగా నుండును.

దీనికి కారణము సులభముగా బోధపడును. మల్లె ముదురుకొమ్మపై పూయదు. ఆ యేడు క్రొత్తగా పుట్టిన రెమ్మల కొనలందును, వాని ప్రక్కచిగుళ్లందును మాత్రమే మొగ్గ తొడుగును. ఎన్ని క్రొత్తరెమ్మలు పుట్టిన అంత పూవు. పొదను కోయకున్నచో దాని బలమంతయు పాతకొమ్మలను, ఆకును పోషించుటకే సరిపోవును.

కత్తెరకు ముందు చేయవలసినది నీరు మానుట. మార్గశిరము ప్రవేశించినది మొదలు తోటకు నీరు కట్టరాదు. నల్లరేగడిలో తేమ చాల దినములు నిలుచును గనుక అక్కడ మఱికొంత ముందుగానే మానవలెను. నీరు లేక ఆకు పండి రాలును. పొద విశ్రాంతి పొందును. రాలక మిగిలిన ఆకును చేతితో దూయవచ్చును. గొఱ్ఱెలమందను తోలు వాడుక మన వైపున నున్నది, అది మంచిదే. ఆకు పోవుటయే గాక నేలకు పెంటయు దక్కును. మేకలు బెరడు కొఱుకకుండ కాపరి కనిపెట్టియుండవలెను.

సంక్రాంతి వెళ్లిన పిదప, జనవరి నెలాఖరులోగా కత్తిరింపు ముగియవలెను. విచ్చుకొనియున్న పొదను త్రాటితో నడుమునకు బిగించి కట్టి, నేలనుండి మూరెడు ఎత్తున, అనగా 45 సెంటీమీటర్లకు, సమముగా కోయవలెను. పిమ్మట త్రాడు విప్పి, ఎండినవి, తెగులు సోకినవి, ఒకదానిపై నొకటి ఒరసికొనునవి మొదలంట తీసివేయవలెను. మొద్దుబారిన కొడవలితో కోసిన కొమ్మ నలిగి చీలును. ఆ చీలికనుండియే కుళ్లు లోనికి దిగును. కత్తెర కొనుటకు వెనుదీయువారు నలుగురు సభ్యులు కలిసి ఒకటి కొనుట మేలు. లావుకొమ్మల కోతలపై మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో ముద్ద పూయవలెను. నాటి యేడాది నిండని మొక్కలను ఇంత క్రిందికి కోయరాదు.

కోత అయినవెంటనే పాదులు త్రవ్వి, మట్టిని వారము దినములు ఎండనీయవలెను. మొగ్గ ఊదారంగు తిరిగి ఎదుగక రాలుట మీరెల్లరు చూచియే యుందురు. అది మొగ్గ లోపల పెరుగు చిన్న ఈగ పురుగు చేయు పని. ఆ పురుగు నేలలో దిగి కోశస్థదశ గడుపును. పాదు త్రవ్వుటవలన అది ఎండకును, పక్షులకును చిక్కును. తరువాత పొదకు 10 కిలోల చివికిన పశువుల ఎరువు, 65 గ్రాముల యూరియా, 375 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 100 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ మట్టిలో కలిపి నీరు కట్టవలెను. ఈ రసాయనపు ఎరువులనే, ఇదే మోతాదున, జూన్ జూలై నెలలలో మఱియొకమారు వేయవలెను.

ఇక ధర మాట. ఊరి తోటలన్నియు ఒకే వారమున కోసిన యెడల పూవంతయు ఒకే వారమున విరగబూయును. మల్లె నిలువ యుండు సరుకు కాదు. తెల్లవారకమునుపు కోసిన మొగ్గ ఆనాడే అమ్ముడుపోవలెను. అప్పుడు దళారి చెప్పినదే ధర. కావున తోటను మూడు భాగములు చేసి కొన్నిదినముల యెడముతో కత్తిరించిన, పూతయు వరుసగా వచ్చును. ఒక్క రైతు ఇట్లు చేసిన కొంత మేలే. ఊరివారందఱు ఒప్పందము చేసికొనిన చాల మేలు. పుష్యమాసపు సంఘ సమావేశమున ఎవరి తోట ఎప్పుడు కోయవలెనో వ్రాసికొనుడు.

జాజి, సన్నజాజి పొదలకును జనవరియే అదను. గులాబిని మాత్రము వీనితో కలిపి కోయకుడు. దానికి అక్టోబరు నెల తగినది.