చెరువు గర్భంలో టీ నగర్

పెళ్లి పట్టుచీరల కోసం చెన్నై వెళ్లిన తెలుగువాళ్లకు టీ నగర్ దారి ఒకరు చెప్పక్కర్లేదు. మాంబళం స్టేషన్లో దిగి, రంగనాథన్ వీధి తొక్కిసలాటలో పడితే జనమే మోసుకుపోతారు. ఆ రద్దీ చూసి, ఇది పుట్టుకతోనే బజారనుకుంటాం. కానీ దీన్ని కట్టింది కాపురాల కోసం. అంతకుముందు ఇక్కడ చెరువుండేది.

నుంగంబాకం నుంచి సైదాపేట వైపు మైళ్ల పొడవున సాగిన ఆ చెరువును ఇంగ్లీషువాళ్లు లాంగ్ ట్యాంక్ అన్నారు. పట్నంలో జనం పెరిగి ఇళ్ల స్థలాలు చాలకపోవడంతో పాలకుల చూపు చెరువు మీద పడింది. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. కొద్ది ఏళ్లకే మాంబళం వైపు నీళ్లు తీసేసి లేఅవుట్ వేశారు. నడుమ ఒక పార్కు, దాని దగ్గర కలిసే వెడల్పాటి రోడ్లు, పెరటి తోటకు చోటుండే స్థలాలు.

అప్పుడు అధికారం జస్టిస్ పార్టీది. అందుకే ఇక్కడి వీధి బోర్డులు ఆ పార్టీ హాజరుపట్టీలా ఉంటాయి. 1916లో పార్టీని స్థాపించిన ముగ్గురిలో పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మొత్తం పేటకే పెట్టారు; ఆ త్యాగరాయ నగరే టీ నగర్. టి.ఎం. నాయర్‌కు ఒక రోడ్డు, నటేశ మొదలియార్‌కు ఒక పార్కు దక్కాయి. నడిమి పార్కు పానగల్ రాజాది. కాళహస్తిలో పుట్టిన ఈ రాజా అసలు పేరు రామరాయణింగారు; 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రి. పేటకు పేరిచ్చిన చెట్టిగారూ, పార్కుకు పేరిచ్చిన రాజావారూ ఇద్దరూ తెలుగువాళ్లే.

ఆ తర్వాతి తెలుగు అధ్యాయం సినిమాది. కోడంబాకం, వడపళని స్టూడియోలు దగ్గర కావడంతో తారలు ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్, హబీబుల్లా రోడ్డులో సావిత్రి, ఉస్మాన్ రోడ్డులో ఘంటసాల. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడ్డా తెలుగు సినిమా కాపురం చాలాకాలం ఇక్కడే సాగింది. తిరుపతిలో వెంకన్నను చూసుకున్న యాత్రికులు అటునుంచటే మద్రాసు వచ్చి, ఎన్టీఆర్ ఇంటి ముందు నిలబడేవారు.

బజారు మాత్రం మెల్లగా కమ్ముకొచ్చింది. కంచి పట్టు అమ్మే నల్లి దుకాణం 1928 నాటికే ఉంది. రైల్వే స్టేషన్ పక్కనే ఉండటం, బస్సులన్నీ ఇటే రావడం వ్యాపారానికి కలిసొచ్చాయి. స్థలం ధర పెరిగేకొద్దీ వసారాలున్న ఇళ్లు పడిపోయి, ఆ చోట అంతస్తుల మీద అంతస్తులుగా బట్టల, బంగారం కొట్లు లేచాయి.

మనుషుల పేర్లను ఇంత శ్రద్ధగా దాచుకున్న పేట, చెరువుకు ఒక్క గుర్తూ మిగల్చలేదు. నుంగంబాకంలో ట్యాంక్ బండ్ రోడ్డు, పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఉన్నాయి గాని, అక్కడ కట్టా లేదు, నీళ్లూ లేవు. అయితే నీరు పల్లమెరుగు. చెరువును పూడ్చినా పల్లం ఎక్కడికీ పోలేదు. కార్తీకమాసపు వానలు గట్టిగా కురిసిన ఏడు, టీ నగర్ వీధుల్లో ఇప్పటికీ మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి.