మక్కా మసీదు రాతి వయస్సు



హైదరాబాదు పాత బస్తీకి వచ్చిన పెద్దలు చార్మినారును చూచి, ప్రక్కనున్న మక్కా మసీదు రాతి కమానుల క్రింద కొంతసేపు నిలువక పోరు. చార్మినారు 1591లో వెలసినది. మసీదు 1694లో పూర్తియైనది. మనుష్యుల లెక్కలో నివి పాతవే. కాని యీ నగరము చుట్టును గుట్టలై, బండలై నిలిచియున్న గ్రానైటు రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. ఆ సంగతి యెట్లు తెలిసినది? అప్పటికి భూమిపై ప్రాణి యున్నదా? ఈ రెండు ప్రశ్నలను గూర్చి నేడు మీతో ముచ్చటించెదను.

గ్రానైటు భూగర్భమున కరగియున్న పదార్థము మెల్లగా చల్లారగా నేర్పడినది. అట్లు గట్టిపడునపుడు జిర్కాను అను మిక్కిలి చిన్న స్ఫటికములు అందు పుట్టును. ఈ స్ఫటికము పుట్టునపుడు యురేనియమును లోనికి రానిచ్చును. సీసమును దాదాపుగా రానీయదు. యురేనియము తనంతట తాను సీసముగా మారుచుండును. దానిలో సగము మారుటకు 447 కోట్ల సంవత్సరములు పట్టును. కావున మిగిలిన యురేనియమును, చేరిన సీసమును కొలిచినచో వయస్సు తేలును. గాదెలో ధాన్యమెంత తరిగినదో చూచి, యెన్ని నెలలు గడచినవో ఇంటిపెద్ద చెప్పునట్టిదే యీ లెక్క. ఇట్టి లెక్కలవలననే భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములని తేలినది.

అయితే గ్రానైటులో ప్రాణి జాడ వెదకుట వ్యర్థము. కరగిన ద్రవమునుండి పుట్టిన రాతిలో అది నిలువదు. నీటి యడుగున పొరపొరగా పేరిన రాళ్ళలోనే అట్టి గురుతులు మిగులును. అందుకు మనము కడప సీమకు పోవలెను. అక్కడి రాళ్ళను విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు పరిశీలించి 1872లో గ్రంథము ప్రకటించెను. వేంపల్లె పేరుగల సున్నపురాతి శ్రేణిలో, కోసిన ఉల్లిగడ్డవలె పొరమీద పొరగా ఉబికిన ఆకారములు కానవచ్చును. వీనిని స్ట్రొమటొలైటులందురు. లోతులేని నీటిలో సూక్ష్మజీవులు జిగురు చాపవలె పరచుకొని, పైబడిన మట్టిని, సున్నమును పట్టి, మరల దానిపైకి పెరుగుచు వచ్చుటచే ఇవి యేర్పడినవి. వీని వయస్సు 190 కోట్ల సంవత్సరములకు తక్కువ కాదు. పడమటి ఆస్ట్రేలియాలో 340 కోట్లకు మించినవియు కలవు.

కాబట్టి మన గ్రానైటు చల్లారునాటికే భూమిపై జీవమున్నది. కాని గాలిలో ప్రాణవాయువు లేదనదగినంత స్వల్పము. ఆ సూక్ష్మజీవులలో కొన్ని సూర్యరశ్మితో ఆహారము చేసికొనుచు ప్రాణవాయువును విడిచినవి. అది సుమారు 240 కోట్ల ఏండ్ల క్రిందట గాలిలో నిలువనారంభించెను. నేడు మనము పీల్చు ఊపిరి వాని భిక్షయే.

మరి మొదటి ప్రాణి యెట్లు పుట్టినది? ప్రాణవాయువు లేని ఆ గాలిలో, సూర్యకిరణముల శక్తిచే జీవపదార్థములు పుట్టి సముద్రమున చేరియుండునని 1929లో హాల్డేను పండితుడు వ్రాసెను. ఆయన 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరమున మరణించెను. ఆయన కోరిక ప్రకారము దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు పంపిరి. 1953లో అమెరికాలో మిల్లరు అను యువకుడు నీటియావిరి, మీథేను, అమోనియా, ఉదజనులను గాజుపాత్రలో నుంచి విద్యుత్తు మెరుపులు పుట్టించగా, మాంసకృత్తులకు మూలమైన అమైనో ఆమ్లములు లభించెను. ఇటుకలు దొరకినవి; అవి ఇల్లెట్లైనవో శాస్త్రజ్ఞులు నేటికిని శోధించుచున్నారు.

ఆ శోధనకు ఆధారము రాళ్ళే. హైదరాబాదు గుట్టలు కంకరకై, ఇండ్లకై పగులుచుండగా, వానిని కాపాడుటకు 1996లో ఒక సంఘమేర్పడినది. తాళపత్రము చినిగినను దాని ప్రతి మరియొకచోట దొరకవచ్చును. పగిలిన బండకు ప్రతి లేదు. పెద్దలారా! గుట్టను క్వారీకి ఇచ్చు మాట వచ్చినపుడు, ఉల్లిపొరల రాయిని సున్నపు బట్టీకి తోలునపుడు, ముందుగా తెలిసినవారికి చూపి, కొంత భాగమైనను నిలుపుడు. మీ మనుమలు చదువవలసిన పుట అందులో నుండవచ్చును.