తుపాకిని తీసికొనుటకు ముందు

ఒక ఇంటిలోని మనిషి కొన్నాళ్లుగా ఎవరితోను మాట్లాడుట లేదు. రాత్రులు నిద్రపోవుట లేదు. తాను చచ్చెదననియు, ఇంటివారిని చంపెదననియు రెండు పర్యాయములు అనెను. అతని బీరువాలో తుపాకి కలదు. ఇంతవరకు అతడే నేరమును చేయలేదు. ఆ తుపాకిని తీసికొను అధికారము ప్రభుత్వమునకు కలదా? కలదన్నచో, అతని మాట వినకయే తీసికొనవచ్చునా? అమెరికా దేశమున పాతికేండ్లుగా నలుగుచున్న ప్రశ్న యిది.

మనకీ ప్రశ్న ఇంత చిక్కుగా తోచదు. మన దేశమున తుపాకి లైసెన్సుపై లభించు అనుమతి మాత్రమే. ప్రజాక్షేమమునకు అవసరమని తోచినచో, 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు నిచ్చిన అధికారియే కారణములు వ్రాసి దానిని నిలిపివేయవచ్చును. అతనిపై అప్పీలు కలదు. అమెరికాలోనో, ఆయుధమును కలిగియుండుట రాజ్యాంగపు రెండవ సవరణ చెప్పిన హక్కు. తగిన న్యాయప్రక్రియ లేకుండ ఏ రాష్ట్రమును ఎవ్వరి స్వేచ్ఛను గాని ఆస్తిని గాని హరింపరాదని పదునాల్గవ సవరణ చెప్పుచున్నది.

చట్టము లేకున్న ఏమగునో ఇండియానా రాష్ట్రము చూచినది. 2004లో అచ్చటి పోలీసులు ఒక రోగి తుపాకులను స్వాధీనము చేసికొనిరి. ఉంచుకొనుటకు అధికారము లేక మరల ఇచ్చివేసిరి. ఆ ఆగస్టులోనే అతడొక పోలీసు ఉద్యోగిని కాల్చి చంపెను. మరుసటి యేడు చట్టము వచ్చినది. అంతకు ముందే, 1999లో, కనెక్టికట్ ఇట్టి చట్టమును మొదట చేసినది.

2018లో పార్క్‌లాండ్ పాఠశాలలో పదునేడుగురు హతులైన పిదప ఫ్లోరిడా చేసిన చట్టమును చూతము. పోలీసులు ప్రమాణపూర్వకముగ అర్జీ పెట్టవలెను. న్యాయాధిపతి అవతలివాని పరోక్షమున తాత్కాలికమైన ఉత్తర్వు నీయవచ్చును. కాని పదునాలుగు దినములలో అతనిని పిలిపించి విచారణ జరుపవలెను. అచ్చట స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యము చూపవలసిన భారము అర్జీదారునిదే. చూపగలిగినచో ఉత్తర్వు ఒక సంవత్సరము వరకు నిలుచును.

మాకు తోచినంతవరకు ఈ పదునాలుగు దినములే వివాదమునకు ఆయువుపట్టు. ముందు తీసికొని పిదప వినుట న్యాయమా యని కొందరందురు. ముందు చెప్పి పిలిచినచో ఆ మధ్యకాలముననే తుపాకి పేలునని మరి కొందరందురు. ఇరువురి మాటయు కాదనరానిదే. అయితే మరియొక లోటు కలదు. ఇది క్రిమినలు వ్యాజ్యము కాదు గనుక, పేదవానికి ఉచితముగ వకీలును ఈయవలెనను నియమము అన్నిచోట్ల లేదు. కొలరాడో మాత్రము 2019 నాటి చట్టములోనే వకీలును ఏర్పాటు చేసినది. పెక్కు రాష్ట్రములు ఆ మార్గమును పట్టకుండుట మాకు విచారకరముగనే యున్నది.

సుప్రీముకోర్టు 2021లో, వారంటు లేక పోలీసులు ఇంటిలో ప్రవేశించి తుపాకులు తీసికొనిన యొక వ్యాజ్యమున, ప్రజాసంరక్షణమను మాట యొక్కటియే చాలదని ఏకగ్రీవముగ చెప్పినది. 2024లో రహీమీ వ్యాజ్యమున, ఇతరుల ప్రాణమునకు ముప్పు కలిగించువాడని న్యాయస్థానము నిర్ధారించిన వానిని తాత్కాలికముగ నిరాయుధుని చేయవచ్చునని ఎనమండుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చిరి, ఒకరు విభేదించిరి. అది గృహహింసకు సంబంధించిన ఉత్తర్వు; నోటీసు, విచారణకు అవకాశము కలిగిన పిదప వచ్చినది. పరోక్షపు ఉత్తర్వు మాట అందు తేలలేదు.

మెయిన్ రాష్ట్రమున ముందుగా పోలీసు నిర్బంధము, వైద్యపరీక్ష కావలెనని నియమముండెడిది. 2023లో లూయిస్టన్‌లో పదునెనమండుగురు మరణించిరి. 2025 నవంబరులో అచ్చటి వోటర్లు, కుటుంబసభ్యులే నేరుగా న్యాయస్థానమునకు పోవచ్చునను చట్టమును ఆమోదించిరి.