కడుపులో పొర వాస్తే ఏమైతది?

మన హాస్టల్లో ఎవరైనా "కడుపు నొస్తుంది" అంటే "బడి ఎగ్గొట్టే నాటకం" అని నవ్వేటోళ్లు ఉన్నరు. "కారం ఎక్కువ తిన్నవ్" అనేటోళ్లూ ఉన్నరు. చేగుంట చుట్టుపక్కల తండాల నుంచి వచ్చిన మనకు నొప్పిని ఓర్చుకునుడే అలవాటు. అందుకే సైన్సు సారును అడిగి, పుస్తకాలు చూసి ఇది రాస్తున్నాను.

మన జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుంది. తిండితో పాటు వచ్చిన క్రిములను చాలావరకు చంపుతుంది. మరి అంత ఘాటైన ఆమ్లం జీర్ణాశయాన్నే ఎందుకు తినదు? ఎందుకంటే లోపలి పొర మీద జిగురు పూత ఉంటుంది. మట్టిగోడకు అమ్మ పెట్టే అలుకు లాంటిదన్నమాట. పైకణాలు కూడా కొద్ది రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి.

ఈ పొర వాచి, ఆ వాపు నెలల తరబడి పోకుంటే దాన్ని దీర్ఘకాలిక గ్యాస్ట్రైటిస్ అంటారు. దీనికి ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే మెలిక తిరిగిన బాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే డాక్టర్లు 1982లో దీన్ని కనిపెట్టారు. చాలామంది నమ్మలేదు. అప్పుడు మార్షల్ 1984లో ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకొని చూపించాడు! 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ క్రిమి ఎక్కువగా చిన్నతనంలోనే నోటి ద్వారా అంటుకుంటుంది. తన చుట్టూ అమ్మోనియా తయారుచేసుకొని ఆమ్లం నుంచి తప్పించుకుంటుంది. జిగురులోకి దూరి కూర్చుంటుంది. దాన్ని తరమడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి, ఆ పోరులో పొర వాస్తుంది. పిల్లల్లో ఆ పొర మీద చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి. గొట్టం కెమెరాతో చూస్తే డాక్టర్లకు కనిపిస్తాయి. కొందరికి రక్తం తక్కువవుతుంది, కొందరికి పుండు పడుతుంది. చాలామందికి ఏ నొప్పీ తెలియదు. ఏండ్ల తరబడి అట్లనే ఉంటే పెద్దయినంక కొందరిలో గ్రంథులు ఎండిపోతాయి. కొద్దిమందికి క్యాన్సర్ కూడా రావచ్చు. పిల్లల్లో పొర అంతదాకా చెడుడు అరుదు. సరైన మందులతో క్రిమి పోతే వాపు మెల్లమెల్లగా తగ్గుతుంది. అందుకే తొందరగా చెప్పుడు మేలు.

కారం తింటే మంట ఎక్కువ కావచ్చు గాని అసలు కారణం అది కాదు. కడుపు నొప్పులన్నీ ఇదే జబ్బు కూడా కాదు. ఏదో డాక్టరే చూసి చెప్పాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి గోలీలు ఈ పూతను పలచన చేస్తాయి. దోస్తు ఇచ్చిండని పరిగడుపున మింగొద్దు.

మలం తారులాగ నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా ఆ క్షణమే వార్డెన్ సారుకు చెప్పి దవాఖానకు పోవాలి. నొప్పికి నిద్రలో మెలకువ వచ్చినా, బరువు తగ్గినా దాచుకోవద్దు. దొడ్డికి పోయి వచ్చినంక, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగండి. ఎంగిలి గ్లాసు వద్దు.

పక్క మంచం మీది తమ్ముడు కడుపు పట్టుకొని పండుకుంటే నవ్వకండి. చెయ్యి పట్టుకొని సారు దగ్గరికి తోలుకపోండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థి