ఊరే ప్రయోగశాల

ప్రయోగశాల యనగానే గాజుకుప్పెలు, త్రాసులు, మూసిన తలుపులు మన మనస్సునకు దోచును. ఆ తలుపులు తెరచి, వస్తువును వాడుకొనువారి నడుమనే, వారితో గూడి దానిని పరీక్షించి సవరించు పద్ధతి యిప్పుడు లోకమున వ్యాపించుచున్నది. దీనిని లివింగ్ ల్యాబ్ అందురు. సజీవ ప్రయోగశాల యని నేను వ్యవహరించెదను. 2006లో ఐరోపావా రిట్టి శాలల కొక కూటమిని నెలకొల్పిరి. పేరు క్రొత్తదే గాని పని చాల పాతది.

బొగ్గుబావులవారికి దీని కథ పరాయిది కాదు. 1812 మే 25న ఇంగ్లండులోని ఫెల్లింగు గనిలో వాయు వంటుకొని 92 మంది మృతినొందిరి. గనివాయువు నంటింపని దీపము కావలసివచ్చెను. 1815లో దాని నిద్దరు వేర్వేరుగా సాధించిరి. సర్ హంఫ్రీ డేవీ గనివాయువును లండనునకు తెప్పించి శోధించి, మంటచుట్టును సన్నని తీగవల నమర్చెను. కిల్లింగ్‌వర్తు గనిలో ఇంజనులు చూచు జార్జి స్టీవెన్సనో, తన దీపమును చేతబట్టుకొని వాయువు వెడలు చోటికే పోయి చూచెను. కీర్తి ముందుగా డేవీకే దక్కెను. ఆ ప్రాంతపు గనిపనివారు మాత్రము చాలకాలము స్టీవెన్సను దీపమునే నమ్మిరి. డేవీ శాస్త్రమును తక్కువచేయుటకు నే నిది చెప్పుటలేదు. తన ప్రాణమును ఏ దీపమున కప్పగింపవలెనో నిర్ణయించువాడు లోపలికి దిగువాడే గదా!

మన దేశమునకు వత్తము. పోచంపల్లి చీరకు మగ్గమెక్కకముందు ఆసు పోయవలెను. ఒక్క చీరకు స్త్రీ తన చేతిని వేలకొలది మారులు అటునిటు త్రిప్పవలెను. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము తన తల్లి భుజబాధ చూడలేక 1992లో పూనుకొని, 1999 నాటికి యంత్రమును కుదిర్చి దానికి తల్లిపేర లక్ష్మీ ఆసుయంత్ర మని పేరిడెను. 2017లో పద్మశ్రీ లభించినది. అంతవరకు బాగే. ఆ ఏడేండ్ల భారము ఒక్క కుటుంబము మీదనే యేల పడవలెను? ఇట్టివారిని ఒంటరిగా విడువకుండుటయే సజీవ ప్రయోగశాల పని.

రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 1999లో, ప్రభుత్వ శాఖలను స్వచ్ఛంద సంస్థను గూర్చుకొని, రైతులతో వాననీటిని నిలుపు పనికి గడంగిరి. తన చేనికి వేయు విత్తనమునకు రైతే వెల చెల్లించెను. ఇది నాకు మిక్కిలి నచ్చిన యంశము. ఉచితముగా వచ్చినదానిని మనము మొగమాటమునకు మెచ్చుకొందుము. డబ్బిచ్చినవాడు నిజము చెప్పును. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో విద్యాలయ ప్రాంగణమే ప్రయోగశాలయై, గాలిని నీటిని కొలుచు పరికరములు నిలిచినవి.

ఇక మా గోలేటి. రెబ్బెన మండలమున నున్న సింగరేణివారి టౌన్‌షిప్పు. ఉపరితల గనులున్న చోట దుమ్ము సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. గాలిలోని ధూళిని యంత్రము కొలుచును. ఆరవేసిన చీర ఏవేళ నల్లబడునో, ఏ వీధి పిల్లవానికి దగ్గు హెచ్చునో గృహిణి చెప్పవలెను. ఈ రెంటిని ఒక్క పుస్తకమున వ్రాసి, నీళ్లు చల్లు వేళను మార్చి చూచి, ఫలితమును మరల వ్రాసినచో, అదియే మా సజీవ ప్రయోగశాల. కట్టడ మేమియు నక్కరలేదు.

నడుపుటయే కష్టము. మూడు షిఫ్టుల ఊరిలో సభ ఏ ఘడియకు పెట్టినను మూడవవంతు మంది రాజాలరు. కావున ఒకేమాట మూడుమారులు చెప్పవలెను. మస్టరు పోయిన కాంట్రాక్టు కార్మికునకు నాటి కూలి ఎవ రిత్తురు? ఆ లెక్క ముందే తేలవలెను. ఇంటిముందు పరికరము పెట్టుటకు ఇంటివారి సమ్మతి కావలెను, వలదన్ననాడు తీసివేయవలెను. ఫలించని ప్రయత్నమును సైతము వ్రాసి బజారులో అంటింపవలెను. అధికారులు బదిలీయై పోదురు గనుక, ఆ పుస్తకము కచేరీలో గాక, ఊరివారు ఎన్నుకొన్న ఇద్దరి చేతిలో, అందొకరు స్త్రీ, ఉండవలెనని నా యభిప్రాయము.