బుర్ర ఉంది, శ్రద్ధ లేదా?

ఏడీహెచ్‌డీ ఉన్న టీనేజర్లకు కావలసింది ఇంకో ట్యూషన్ కాదు, తెలిసిన పనిని పూర్తి చేయించే ఏర్పాటు

పల్లెలో ఉన్నన్నాళ్లూ పిల్లల మూకకు అతడే నాయకుడు. కలకత్తాలో మేనమామ ఇంటికి చేరాక బడిలో మొద్దబ్బాయి. మాస్టారు ప్రశ్న అడిగితే నోరు పెగలదు. ఓ రోజు పుస్తకం పోగొట్టుకుంటాడు, దెబ్బలు తింటాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1890లలో రాసిన ‘ఛుటీ’ కథలో ఫటిక్ పరిస్థితి ఇది. అతనికి ఇప్పుడు ఏ జబ్బూ అంటగట్టనక్కర్లేదు. ఇంటి మీది బెంగే అతణ్ని కుంగదీసింది. కానీ పుస్తకాలు పారేసుకుని, పరధ్యానంగా కూర్చునే కుర్రాడి విషయంలో బడి తొందరపాటు మాత్రం పెద్దగా తగ్గలేదు. బెత్తం బదులు రిపోర్టు కార్డులో ఒక వాక్యం పడుతుంది: బుర్ర ఉంది, శ్రద్ధ లేదు.

అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్, క్లుప్తంగా ఏడీహెచ్‌డీ, ఉన్న పిల్లలు ఏళ్ల తరబడి వినే మాట ఇదే. వివిధ దేశాల అధ్యయనాలపై 2007లో వెలువడిన సమీక్ష ప్రకారం ఇలాంటి పిల్లలు సుమారు 5 శాతం. అంటే 40 మంది ఉన్న తరగతిలో ఇద్దరు. అదే ఏడాది అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు వీరి మెదడు స్కాన్‌లను పరిశీలించారు. మెదడు పైపొర ఎదిగే క్రమం అందరిలో లాంటిదే, కాకపోతే దాదాపు మూడేళ్లు ఆలస్యమని తేల్చారు. లోపం తెలివిలో లేదు. పని మొదలుపెట్టడం, వరస గుర్తుంచుకోవడం, సమయం అంచనా వేయడం దగ్గరే చిక్కంతా.

చిన్న తరగతుల్లో ఈ చిక్కు బయటపడకపోవచ్చు. టీచర్ ఒక్కరే, పుస్తకాల సంచి సర్దేది అమ్మ. ఏడో తరగతి దాటాక సబ్జెక్టుకో టీచర్, ఒక్కొక్కరిదీ ఒక్కో గడువు. సరిగ్గా అప్పుడే పెద్దలు ‘ఇక నీ పని నువ్వే చూసుకో’ అని చేతులు దులుపుకుంటారు. అల్లరి చేయకుండా తనలో తాను మునిగిపోయే ఆడపిల్ల సంగతి ఎవరి కంటా పడదు.

మార్కులు తగ్గితే బెంగాల్‌లో తొలి చికిత్స ట్యూషన్. 2022 అసర్ సర్వేలో ఈ రాష్ట్రపు గ్రామీణ విద్యార్థుల్లో 74 శాతం డబ్బు కట్టి ట్యూషన్‌కు వెళ్తున్నట్టు తేలింది. ఇక కోల్‌కతా సంగతి చెప్పేదేముంది? ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడికి ఇది వికటించే మందు. ఇంకో నోట్‌బుక్, ఇంకో హోమ్‌వర్క్, ఇంకో గడువు. వాటిని సర్దుకోలేకపోవడమే కదా అతని అసలు సమస్య!

పనికొచ్చే ఉపాయాలు అతి సాదాసీదావి. ‘సైన్స్ ప్రాజెక్టు చెయ్’ అనే బదులు ఇవాళ అట్ట కొనడం, రేపు బొమ్మ గీయడం. హోమ్‌వర్క్‌ను నోటితో చెప్పి వదిలేయకుండా డైరీలో రాయించి చూడటం. కిటికీకి దూరంగా, ముందు వరుసలో చోటు. నెలాఖరు మందలింపు కన్నా ఆ రోజు చేసిన పనికి ఆ రోజే మెప్పు. అమెరికాలో రూపొందిన ‘హాప్స్’ పద్ధతిలో స్కూలు కౌన్సెలర్ ఇరవయ్యేసి నిమిషాల చొప్పున 16 విడతలు కూర్చుని సంచి సర్దడం, పని విడగొట్టడం నేర్పుతారు. దీనికి ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు.

మందులు అవసరమయ్యే పిల్లలూ ఉంటారు. మిథైల్‌ఫెనిడేట్ ఏకాగ్రత పెంచుతుంది. ఆకలి, నిద్ర తగ్గించనూ వచ్చు. మత్తుమందుల నియంత్రణ చట్టం పరిధిలో ఉన్నందున డాక్టర్ చీటీ, పర్యవేక్షణ తప్పనిసరి. అయితే ఏ పని ముందో, ఏది తర్వాతో మాత్ర నేర్పదు.

చట్టమూ సగం దారిలోనే ఆగింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం ఉంది, డిస్లెక్సియా ఉంది, ఏడీహెచ్‌డీ పేరు మాత్రం లేదు. డిస్లెక్సియా కూడా ఉంటే ఆ సర్టిఫికెట్ దారి చూపుతుంది. లేకపోతే పదో తరగతి బోర్డు పరీక్ష ముందు తల్లిదండ్రులకు కాళ్లరిగే తిరుగుడే. చిన్న ఆశ లేకపోలేదు. రాసేటప్పుడు చెయ్యి కొంకర్లు పోయే ఓ సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు కీలకమైన తీర్పు ఇచ్చింది. 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో లేఖకుణ్ని నిరాకరించరాదని చెప్పింది.

దేశంలో ఒక సాధారణ ఆస్పత్రిలో తొలి మానసిక చికిత్స విభాగం మొదలైంది ఈ నగరంలోనే. 1933లో, ఇప్పుడు ఆర్.జి.కర్‌గా పిలిచే నాటి కార్మైకేల్ మెడికల్ కాలేజీలో గిరీంద్రశేఖర్ బోస్ దాన్ని నెలకొల్పారు. నేడు ఎస్‌ఎస్‌కేఎం ఆవరణలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ ఉంది. కొరత డాక్టర్ల దగ్గరికి వెళ్లే దారిలోనే ఉంది. పిల్లవాణ్ని అక్కడికి పంపాలని ముందుగా తట్టాల్సింది క్లాస్ టీచర్‌కు. రిపోర్టు కార్డులో ఆ పాత వాక్యం రాసే ముందు ఆమె ఒక్కసారి అతని సంచి తెరిపించి చూస్తే, సగం కథ అక్కడే తెలిసిపోతుంది.