కీలులోని నీరు చెప్పే సాక్ష్యం

కుర్చీపై కూర్చొని నమాజు చేసుకొనే పెద్దలు నేడు చాలా మస్జిదులలో కనిపిస్తారు. వారిలో కొందరు అరిగిన మోకాలిని తీయించి కృత్రిమ కీలు అమర్చుకొన్నవారు. ఈ చికిత్స లక్షలాది మందిని మళ్లీ నడిపించింది. అయితే మొదటిసారి అమర్చిన కీళ్లలో నూటికి ఒకటి రెండింటికి ఇన్ఫెక్షన్ సోకుతుంది. సంఖ్య చిన్నదే. సోకిన వారి కుటుంబానికి మాత్రం అది చిన్న పరీక్ష కాదు.

అమర్చిన కీలు కొంతకాలానికి నొప్పి పెడితే వైద్యునికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే: కీలు కేవలం వదులైందా, లేక సూక్ష్మజీవులు చేరాయా? రెండింటి బాధా ఒకేలా ఉండవచ్చు. చికిత్సలు మాత్రం వేరు. వదులైతే కొత్త భాగం అమర్చితే సరిపోతుంది. ఇన్ఫెక్షన్ అయితే కీలును తెరచి శుభ్రపరచాలి. ఆలస్యమైతే దానిని పూర్తిగా తొలగించి, మందు కలిపిన సిమెంటును వారాల తరబడి ఉంచి, ఆ తరువాతే మరో కీలు అమర్చవలసి రావచ్చు. నిర్ధారణ తప్పితే శస్త్రచికిత్స కూడా వ్యర్థమవుతుంది.

ఈ నిర్ధారణ అంత సులభం కాదు. స్టెఫిలోకాకస్ వంటి క్రిములు లోహానికీ ప్లాస్టిక్‌కూ అంటుకొని, తమ చుట్టూ జిగురు పొర కట్టుకొంటాయి. దీనినే బయోఫిల్మ్ అంటారు. ఆ పొర చాటున ఉన్న క్రిములను మందులు సులభంగా చంపలేవు. కల్చర్ పరీక్షలోనూ అవి ఒక్కోసారి పట్టుబడవు. రక్తంలో చూసే సీఆర్పీ, ఈఎస్ఆర్ పరీక్షలు శరీరంలో ఎక్కడో వాపు ఉందని తెలుపుతాయే గాని, ఎక్కడ ఉందో తెలుపలేవు. కీళ్లవాతం ఉన్నవారిలోనూ అవి పెరుగుతాయి.

అందుకే వైద్యులు సూదితో కీలులోని ద్రవాన్ని తీసి పరీక్షిస్తారు. క్రిమి దాగినా, దానితో పోరాడటానికి వచ్చిన సైన్యం దాగదు. మైక్రోలీటరు ద్రవంలో తెల్ల రక్తకణాలు 3000కు మించితే అనుమానం బలపడుతుంది. వాటిలో న్యూట్రోఫిల్ కణాలు 80 శాతం దాటితే మరింత బలపడుతుంది. ఆ కణాలు విడుదల చేసే ఎస్టరేజ్ అనే ఎంజైమును, మూత్ర పరీక్షకు వాడే కాగితపు పట్టీతోనే రెండు నిమిషాలలో గుర్తించవచ్చు. అయితే ద్రవంలో రక్తం కలిస్తే రంగు సరిగా తెలియదు.

వీటికి తోడైనది ఆల్ఫా డిఫెన్సిన్. ఇది న్యూట్రోఫిల్ కణాలు క్రిములను చంపటానికి ప్రయోగించే చిన్న ప్రోటీను. దీనిని పసిగట్టే పరీక్షా పరికరానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో అనుమతినిచ్చింది. ఇదీ దోషరహితం కాదు. లోహపు రేణువులు రాలి కణజాలం దెబ్బతిన్న కీలులో ఇది తప్పుదారి పట్టించవచ్చు. కనుకనే 2018లో నిపుణులు రూపొందించిన ప్రమాణాలు ఒక్కొక్క సూచికకు కొన్ని మార్కులు కేటాయించాయి. ఆల్ఫా డిఫెన్సిన్‌కు 3, రక్తంలోని సీఆర్పీకి 2. ఇలా మొత్తం 6 లేక అంతకు మించితే ఇన్ఫెక్షన్‌గా పరిగణిస్తారు. ఒక్క సాక్షి మాటతో తీర్పు చెప్పరు.

పాఠకులారా! ఇందులో మన వంతు కర్తవ్యం ఒకటుంది. మోకాలు వాచిందని మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని పెద్దలకు ఇవ్వకండి. ఆ మాత్రలు క్రిములను పూర్తిగా చంపవు, కల్చర్‌లో మాత్రం కనబడనీయవు. రోగి పరిస్థితి అనుకూలిస్తే, ద్రవం తీసే ముందు కనీసం రెండు వారాలు ఆ మందులు ఆపి ఉంచాలని వైద్యులు కోరేది ఇందుకే. ఇదివరకే వాడి ఉంటే దాచకుండా చెప్పండి; మందు చీటీ, పాత శస్త్రచికిత్స కాగితాలు వెంట తీసుకెళ్లండి. చలిజ్వరం వచ్చినా, గాయం నుండి చీము కారినా ఒక్కరోజు కూడా ఆగకుండా, కీలు అమర్చిన వైద్యుని వద్దకు వెళ్లండి.

నొప్పిని ఓర్చుకోవటం పెద్దల సుగుణం కావచ్చు. ఆ నొప్పికి కారణం ఏమిటని సకాలంలో అడిగి తెలుసుకోవటం పిల్లల బాధ్యత.